హద్దులే ఆనవాళ్లు



కల్పనాకథలలో కనిపించు వేర్వేరు జాతుల ప్రాణులను, అనగా దేవతలను, యక్షులను, వానరులను, రాక్షసులను, ఒకరితో నొకరు కలసిపోకుండ ఎవరి స్వభావము వారిదిగా నిలుపుట యెట్లు అనునది నేటి ప్రసంగవిషయము. ఇది కవులకును నటులకును మాత్రమే చెందిన విచారమని ఒకప్పుడు తోచియుండవచ్చును. కాని బెంగుళూరులోను హైదరాబాదులోను చదువులకు, ఉద్యోగములకు వెళ్లి, సెలవులకు మన బద్వేలు వచ్చు యువతీయువకులు ఒక బల్ల చుట్టును గూర్చుండి, పాచికలు దొర్లించుచు, తమ కథను తామే అల్లుకొనుచు ఆడు క్రొత్త ఆట యొకటి మన ఇండ్లలోనికి ప్రవేశించుచున్న ఈ దినములలో, ఆ ప్రశ్న పండితుల చావడి విడిచి మన వసారాకు వచ్చినది.

ఆట స్వరూపమును ముందుగా మనవి చేసెదను. ఆడువారిలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను స్వీకరింతురు. ఒకరు మాత్రము తనదని యొక పాత్రను ధరింపక కథను నడుపుదురు. వారికి గేమ్ మాస్టర్ అని పేరు. పాత్రధారి 'నేనీ ప్రాకారమును దూకెదను' అనినచో, దూకగలుగుటయో జారిపడుటయో పాచిక తేల్చును. ఆ పాచికలలో ప్రసిద్ధమైనది ఇరువది ముఖములు గలది. వేషము లేదు, రంగస్థలము లేదు. మాట, ఊహ, కొన్ని నియమములు, ఇంతియే సామగ్రి. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ తరహా ఆటలకు ఆద్యము. ఆంగ్ల రచయిత టోల్కీన్ 1954, 1955 సంవత్సరములలో ప్రకటించిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూలమున లోకమునకు బాగుగా పరిచితులైన ఎల్ఫులు, డ్వార్ఫులు, ఆర్కులు మున్నగు జాతులు ఈ ఆటలోనికి వచ్చి స్థిరనివాస మేర్పఱచుకొన్నవి. ఆటగాడు తన పాత్ర ఏ జాతికి చెందినదో మొట్టమొదటనే నిర్ణయించుకొనవలయును.

చిక్కు అక్కడనే పుట్టుచున్నది. 2014లో వెలువడిన ఆ యాట నియమగ్రంథమున ఆటగాడు ఎన్నుకొనదగిన జాతులు తొమ్మిది యుండగా, అందు ఆఱు జాతులకు చీకటిలో చూడగల శక్తి ప్రసాదింపబడినది. తొమ్మిదింట ఆఱింటికి ఉన్నది విశేషమెట్లగును? నలుగురు కూడి ఒక గుహలో ప్రవేశించినపుడు వారిలో మువ్వురకు చీకటియే లేకపోయినచో, నాల్గవవాడు పట్టిన దివిటీ వ్యర్థము. గుహకు గుహాత్వమే లోపించును. ఎల్ఫుజాతివారు ఏడు వందల యేండ్లకు పైబడి జీవింతురనియు, నిద్రకు మాఱుగా నాలుగు గంటల ధ్యానముతో సేదదీరుదురనియు ఆ గ్రంథమే చెప్పుచున్నది. అయినను బల్ల యొద్ద ఆ ఎల్ఫు నోరు విప్పునప్పటికి, నిన్నగాక మొన్న కళాశాల విడిచిన యువకుడు మాటాడినట్లే మాటాడును; అతని తొందర ఇతని తొందరయే, అతని కోపము ఇతని కోపమే. చెవులు మాత్రము కొనదేలి యుండును. డ్వార్ఫునకు గడ్డము, ఆర్కునకు కోఱలు. గడ్డమును కోఱలను తొలగించి చూచినచో అందఱును ఒక్క ఊరివారే. ఇన్ని జాతులను కల్పించి, తుదకు మనుష్యులకే వేషములు మార్చి కూర్చుండబెట్టుటలో కల్పన యొక్క ఆనందము సగము చచ్చిపోవుచున్నది.

నా విన్నపమంతయు ఒక్క మాటలో చెప్పవలెనన్నచో ఇది: ఒక జాతికి ఆనవాలు దాని శక్తి గాదు, దాని హద్దు. అది ఏమి చేయగలదు అను ప్రశ్నకు వచ్చు సమాధానము పాచికపై నొక అంకెగా ముగియును; అది ఏమి చేయలేదు, దేనికి కట్టువడియున్నది, ఏది లేక బ్రదుకజాలదు అను ప్రశ్నకు వచ్చు సమాధానము నుండి నడవడి పుట్టును, నడవడి నుండి కథ పుట్టును. మన మెట్టపొలములలో ఎద్దును దున్నపోతును ఒకే కాడికి కట్టి దున్నిన రైతు వానిని కొమ్ములనుబట్టి వేఱుచేయడు. మిట్టమధ్యాహ్నపుటెండలో ఎద్దు సాలు విడువక నడచుచుండగా, దున్న నీటిమడుగుకై మెడ త్రిప్పునని ఎఱిగి, అందుకు దగినట్లు తన దినమును దిద్దుకొనును.

ఈ సూత్రము నేను క్రొత్తగా కనిపెట్టినది కాదు. మహాభారతము అరణ్యపర్వములోని నలోపాఖ్యానము దీనికి పరమోదాహరణము. తెలుగున నన్నయ చెప్పిన కథ యది. పిదప శ్రీనాథుడు 'శృంగారనైషధము'గా విస్తరించినదియు నదియే. దమయంతీస్వయంవరమున ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుని రూపమునే ధరించి నలుని ప్రక్కనే కూర్చుండిరి. ఒక్క పోలికతో ఐదుగురు. వరమాల చేతబట్టిన కన్యకు దిక్కుతోచని స్థితి. ఆమె ప్రార్థింపగా దేవతలు తమ నిజలక్షణములను వెల్లడించిరి. వారి కన్నులకు ఱెప్పపాటు లేదు, దేహమున చెమట లేదు, కంఠమునందలి పూలమాలలు వాడవు, పాదములు నేలను తాకవు, నీడ పడదు. ఐదవవాని మేన చెమటయు దుమ్మును కలవు, మాల వాడినది, ఱెప్పలు వాలుచున్నవి, పాదములు నేల నానుకొనియున్నవి, వెనుక నీడ పడియున్నది. ఆ చెమటను, ఆ దుమ్మును, ఆ వాడిన పూలను చూచి దమయంతి నలుని గుర్తించి వరించినది.

ఇందు గమనింపదగిన దేమనగా, కథకుడు మానవుని కూడ ఒక ప్రత్యేకజాతిగా చిత్రించినాడు. బల్ల మీది ఆటలలో మానవుడు సాధారణముగా ఏ విశేషమును లేని కొలబద్ద. ఇతరజాతులన్నియు అతనికి కొంత కలిపియో కొంత తీసివేసియో చేయబడినవి. మన కథలో అట్లు కాదు. అలసట, వార్ధక్యము, మరణము అను హద్దులే మానవుని ముద్రలు. వానివలననే అతడు దేవతల నడుమ దేవతలంత స్పష్టముగా కనబడుచున్నాడు. మానవపాత్రను ధరించు ఆటగాడు 'నాకేమియు ప్రత్యేకత లేదు' అని చిన్నబుచ్చుకొన నక్కఱలేదు. ఎల్ఫుల ప్రక్కన గూర్చున్నపుడు కాలము తక్కువగా గలవాడు అతడే. ఆ కొఱత అతని ప్రతి నిర్ణయమునకును పదును పెట్టును.

ఈ కాలభేదమును 'మనుచరిత్ర'లో అల్లసాని పెద్దన చూపిన తీరు మఱింత సూక్ష్మమైనది. పెద్దన మన కడప సీమలోని కోకట గ్రామముతో సంబంధము గలవాడని ప్రసిద్ధి. సిద్ధుడిచ్చిన పాదలేపముతో ప్రవరుడు హిమాలయమునకు పోయినాడు. మంచునీట లేపము కరగి తిరిగిరాలేకపోయినాడు. అక్కడ వరూధిని యను అప్సరస అతనిని వలచినది. ఆ సంవాదమును జాతిభేదదృష్టితో చదివిచూడుడు. ఆమెకు రేపు అనునది ఎన్నడును తఱుగని ధనము. అతనికి ప్రొద్దు గ్రుంకుచున్నది, ఇంట అగ్నిహోత్రమున్నది, వృద్ధులైన తల్లిదండ్రులున్నారు. ఇరువురిలో ఎవరును మూఢులు గారు, దుష్టులును గారు. కాని ఒకరి మాటలోని తొందర రెండవవారికి అర్థము కాదు. ఆమెకు తోకయో కొమ్ములో పెట్టనక్కఱలేకయే పెద్దన ఆమెను మనుష్యస్త్రీకంటె వేఱుచేసి నిలిపినాడు. పిమ్మట నొక గంధర్వుడు ప్రవరుని రూపమున వచ్చినపుడును, ఆమె తన్ను చూడక కన్నులు మూసికొనియుండవలెనని నియమము విధించుట కలదు. మాఱురూపము దాల్చు శక్తికి సైత మొక హద్దు. ఆ హద్దే ఆ ఘట్టమునకు ప్రాణము.

రూపమునకంటె స్వభావము బలవత్తరమని చూపుటకు వాల్మీకి సుందరకాండలో ఒక చిన్న సన్నివేశము కలదు. హనుమంతుడు శాస్త్రకోవిదుడు, వాక్యజ్ఞుడు, రాయబారమునకు అర్హుడని శ్రీరామునిచేతనే మెప్పు వడసినవాడు. అట్టివాడు రావణాంతఃపురమున నిద్రించుచున్న మండోదరిని చూచి, ఆమెయే సీతయని భ్రమించి, ఆ క్షణమున ఏమి చేసెను? సంతోషము పట్టజాలక భుజములు చఱచుకొనెను, తన తోకను ముద్దిడుకొనెను, స్తంభముల నెక్కి నేలకు దూకెను. మఱుక్షణమున వివేకము మేల్కొని, సీత యిట్లు నిద్రించునదికాదని తెలిసికొనెను. పాండిత్యము వానరత్వమును చెఱపివేయలేదు. వానరత్వము పాండిత్యమును తగ్గింపలేదు. తన బలమును ఒకరు జ్ఞాపకము చేయువఱకు తానెఱుగకుండుట అతనికి గల మఱొక హద్దు. సముద్రతీరమున జాంబవంతుని మాటలకు అంత విలువ వచ్చుట ఆ హద్దు మూలముననే. మన బద్వేలునకు చేరువనున్న గోపవరమునకు చెందినదని ప్రసిద్ధి గాంచిన మొల్ల తెలుగున రామాయణమును చెప్పిన నాటినుండి, ఈ వానరులును ఈ రాక్షసులును మన సీమవారికి ఇరుగుపొరుగువారివలె సుపరిచితులు.

ఇక రాయలసీమవారమైన మన కన్నుల యెదుటనే నిలిచియున్న విద్య యొకటి కలదు, అది తోలుబొమ్మలాట. ధర్మవరము దాపున నిమ్మలకుంటలో ఆ కళనే కులవృత్తిగా గల కుటుంబములు నేటికిని బొమ్మలు చేయుచున్నవి. ఆ యూరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. మేకతోలును శుభ్రపఱచి, వెలుతురు చొచ్చునంత పలుచగా చేసి, రేఖలు దిద్ది, ఆభరణముల చోట చిన్న చిన్న రంధ్రములు తొలిచి, రంగులు పూసి, భుజములయొద్దను మోచేతులయొద్దను మోకాళ్లయొద్దను కదలునట్లు దారముతో కూర్చుదురు. తెల్లని తెరకు వెనుక దీపము; దీపమునకును తెరకును నడుమ బొమ్మ. ఆకారములోని భేదములు ఆ చిత్రకారులకు తెలియనివి గావు. రావణునికి పది తలలు, హనుమంతునికి తోక, శ్రీరామునికి నీలవర్ణము ఉండనే యున్నవి.

అయినను దూరమున గూర్చున్న ప్రేక్షకుడు రంగును గుర్తింపకమునుపే వచ్చుచున్నది రాక్షసుడని ఎఱుగును. ఎట్లు? ఆడించువాడు తన కాలిక్రింది చెక్కపలకను బలముగా త్రొక్కును. ఆ చప్పుడుతో కూడ బొమ్మ నిలువున నొక్కొక్క అడుగు వేయును. వానరుడైనచో నేల విడిచి ఎగురుచు, తెర యొక కొననుండి మఱొక కొనకు ఉఱుకుచు, ఒకచోట నిలువజాలక కదలుచుండును. సీతాదేవి వచ్చినపుడు బొమ్మ దాదాపు నిశ్చలము; చేయి మాత్రము మెల్లగా లేచును, స్వరము మారును. ఈ మూడు బొమ్మలను ఆడించు చేతులు ఒక్కవానివే కావచ్చును. నడక, విరామము, కంఠధ్వని, ఈ మూడింటిచేతనే అతడు మూడు జాతులను తెరపై నిలుపుచున్నాడు. బల్ల చుట్టును వేషము లేక గూర్చుండు ఆటగాడికి ఇంతకు మించిన గురువు దొరకడు.

వెండితెరపైని దృష్టాంతము కావలెనన్నచో, మన తాడిపత్రివారైన కె.వి.రెడ్డిగారు దర్శకత్వము వహించిన 1957 నాటి 'మాయాబజార్' ఉన్నది. అందు ఘటోత్కచుడు శశిరేఖ రూపమును దాల్చును. అనగా తెరపై నున్నది నటి సావిత్రి, పట్టుచీర, నగలు, సుకుమారమైన ముఖము. రాక్షసచిహ్న మొక్కటియు లేదు. అయినను ఆమె నిలుచు తీరులో, భుజము విఱిచి చూచు చూపులో, ఒరులు చూడనపుడు వేయు అడుగులో, పెండ్లిపీటలపై వరునికి చూపిన బలములో ఎస్.వి.రంగారావుగారి ఘటోత్కచుడు మనకు స్పష్టముగా గోచరించును. రూపమంతయు తీసివేసిన పిమ్మట మిగులునది ఏదో అదియే జాతి.

ఇచ్చట నొక ప్రమాదమును గూర్చి హెచ్చరింపక తప్పదు. జాతులను వేఱుచేసి చూపవలయునను ఉత్సాహమున ఒక జాతి యంతయు దుష్టము, ఒక జాతి యంతయు శిష్టము అని గీత గీయుట సులభము. ఆర్కులనిన పుట్టుకతోనే క్రూరులు అని చిత్రించిన ఆటలను గూర్చి పాశ్చాత్యదేశములలోనే తీవ్రమైన చర్చ జరిగినది. 2024లో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' క్రొత్త నియమగ్రంథమున బలము, బుద్ధి మున్నగువాని అంకెలను జాతికి ముడివెట్టుట మాని, పాత్ర పెరిగిన నేపథ్యమునకు ముడివెట్టిరి. ఇది మేలైన సవరణము. కాని అంకెలు పోయిన తరువాత జాతులను వేఱుచేయునది ఏది అను ప్రశ్న మఱింత గట్టిగా నిలిచినది.

మన పురాణములు దీనికిని దారి చూపుచున్నవి. విభీషణుడు రాక్షసుడు, ప్రహ్లాదుడును బలియు దైత్యులు. వారి ధర్మనిష్ఠను శంకించువారు లేరు. అయినను వారు తమ జాతిని విడిచి మనుష్యులైపోలేదు. గుణము వ్యక్తిది, హద్దు జాతిది. హిడింబునితో భీముడు పోరాడుచుండగా అర్జునుడు, తూర్పు ఎఱ్ఱవాఱుచున్నది, సంధ్యావేళ రాక్షసులకు బలము హెచ్చును, త్వరపడుమని హెచ్చరించును. భీముని కుమారుడై, పాండవపక్షమున నిలిచి ప్రాణమిచ్చిన ఘటోత్కచుడు సైతము తన పూర్ణబలమును చూపినది కురుక్షేత్రపు రాత్రియుద్ధముననే. సంధ్యకును రాత్రికిని కట్టువడిన బలము హిడింబునికిని కలదు, ఘటోత్కచునికిని కలదు. దానిని దేనికి వినియోగించినారన్న విషయముననే ఒకరు క్రూరుడును ఒకరు వీరుడును అయినారు.

ఆ పాశ్చాత్యపు ఆటలో మన రాక్షసుడును చేరియున్నాడని వినినచో శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. 1977 నాటి 'మాన్‌స్టర్ మాన్యువల్' అను గ్రంథమున అతడు కలడు; చిత్రములలో అతనికి పులితల పెట్టిరి. పులితలను వారు తమ ఊహనుండి తెచ్చుకొన్నారు, దానివలన అతడు కొంత వింతగా కనబడుటయే గాని రాక్షసుడగుట లేదు. అతడు మాయారూపములు దాల్చుననియు, మంత్రపూతమైన బాణమొక్కటి తగిలినచో అతడు కడతేరుననియు వారు చేసిన నియమము మాత్రము కథను నడుపగల నియమము, ఏలయన అది హద్దు.

ఇక ఆచరణకు వచ్చెదను. బద్వేలు నుండి పోరుమామిళ్లకు పోవు యువకులు అచ్చటి చెఱువును చూచియే యుందురు. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని నిర్మింపజేసినట్లు 1369 నాటి శాసనము చెప్పుచున్నది. వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసినట్లు, వంద బండ్లు రాతిపనికై నడచినట్లు అందు వ్రాయబడియున్నది. అట్టి యొక పెద్ద చెఱువునకు వానకాలపురాత్రి గండి పడబోవుచున్నదనియు, నలుగురు ప్రయాణికులు కట్టపైకి వచ్చినారనియు గేమ్ మాస్టర్ కథ నెత్తికొనినా డనుకొందము. వారిలో నొకరు మానవుడు, ఒకరు యక్షుడు, ఒకరు నాగకన్య, ఒకరు వానరుడు.

మానవునకు ముందుగా స్ఫురించునది దిగువనున్న వరిమడియు, అందులోని పిల్లల మెతుకును. అతడు పాఱ వెదకును. యక్షుడు జలమునకును నిధులకును కావలివాడు. భారతములో ధర్మరాజును సరస్సుకడ నిలిపినవాడు తన ప్రశ్నలకు బదులు చెప్పక నీరు త్రాగరాదని శాసించి, త్రాగిన నలుగురు తమ్ములను పడగొట్టినవాడు గదా. కట్ట తెగుచున్నను యక్షుడు ముందుగా అడుగునది, ఈ నీటికి ఎవరు బాధ్యులు, ఎవరు మాట తప్పినారు అని. ఆ ప్రశ్నకు బదులు లభించువఱకు అతడు చేయి కదల్పజాలడు; కదల్పనొల్లక గాదు, కదల్పజాలక. నాగకన్యకు చెఱువు పైని నీరు కాదు, క్రిందనున్న ఇల్లు; గండి పడినచో ఊరివారికి వఱద, ఆమెకు నిలువనీడ పోవుట. వానరుడు అందఱికంటె ముందుగా దూకి, బండరాళ్లు మోసి, గండి పూడ్చుటలో సగము పని యొక్కడే చేయును. అంతలో కట్టమీది చెట్టున పండ్లు కనబడినచో ఆ పనిని మఱచును. సీతావార్త తెచ్చుచున్న వానరవీరులే మధువనమున ప్రవేశించి తేనెత్రాగి ఒడలు మఱచినారు గదా. అతనికి పనిని జ్ఞాపకము చేయు బాధ్యత ఇప్పుడు తక్కిన మువ్వురిది.

ఇందు ఎవరికిని అంకెలలో గొప్ప అధికశక్తి నీయలేదు. నలుగురకును నాలుగు హద్దులు గీచినాము. ఆ హద్దులు ఒకదానినొకటి ఒరసికొనగనే సంభాషణము పుట్టినది, తగవు పుట్టినది, ఒకరికొకరు అవసరమైనారు. జాతిని ఎన్నుకొను ప్రతి ఆటగాడును పాచిక చేతబట్టకమునుపు మూడు విషయములు నిశ్చయించుకొనినచో చాలునని నా నమ్మకము. నా జాతికి సాధ్యము గానిది ఏది? నా జాతికి కాలమెట్లు నడచును? నలుగురు నడచుచున్న బాటలో నాకొక్కనికే కనబడునది ఏది, నాకొక్కనికే కనబడనిది ఏది? ఈ మూడింటికిని సమాధానము సిద్ధమైనచో చెవులు, కోఱలు, తోకలు తమంతట తామే తగిన చోట ఒదుగును. గేమ్ మాస్టరు విధియు ఒకటి కలదు: హద్దును వ్రాసికొనిన ఆటగాడికి ఆ హద్దు అడ్డువచ్చు ఘట్టము నొకదానిని ప్రతి కూటమునందును కల్పింపవలయును. పరీక్షింపబడని హద్దు కాగితము మీది అక్షరముగానే మిగిలిపోవును.

యువశ్రోతలారా, ఈ ఆట సముద్రముల కావలినుండి వచ్చినదని సంకోచింపవలదు, దానిని ఆడుటలో తప్పును లేదు. కాని ఎల్ఫులను డ్వార్ఫులను మాత్రమే ఎరవు తెచ్చుకొని, మన ఇంటనున్న యక్షగంధర్వకిన్నరులను, వానరనాగరాక్షసులను మఱచుట మనకు నష్టము, ఆ ఆటకును నష్టము. శతాబ్దులుగా మన కవులును, బొమ్మలాడించువారును, నటులును ఈ జాతులను విడివిడిగా నిలుపు విద్యను సాధించి పెట్టినారు. మొల్ల రామాయణమును చదువుడు, నిమ్మలకుంటవారి ఆట ఎక్కడ జరిగినను పోయి చూడుడు, పెద్దలచేత భారతకథ చెప్పించుకొని వినుడు. అటుపిమ్మట బల్ల యొద్ద గూర్చుండి, మీ పాత్ర చేయగల పనుల పట్టికకంటె ముందుగా, అది చేయలేని పని యొకదానిని వ్రాసికొనుడు. మీ కథ అచ్చటనే మొదలగును.